కన్నయ్య గారి మినహాయింపులు

పోయినేడు చింతపండు రోజుల్లో నేను మా నాన్న గురించి పద్నాలుగు పేజీలు రాశాను. అందులో అబద్ధం ఒక్కటంటే ఒక్కటి లేదు. ఉండుంటే బాగుండేది. అబద్ధమైతే ఎవరో ఒకరు కొట్టిపారేసేవారు.

రాయగడ బజారులో మా పెదనాన్న సోమేశ్వరరావుకి హోల్‌సేలు కొట్టు ఉంది. కొండచీపుళ్లు, పసుపు, వలిసె గింజలు, అన్నిటికంటే ఎక్కువగా చింతపండు. బోర్డు మీద పేరు పెదనాన్నది. కాటా ముందు ముక్కాలిపీట మా నాన్నది. తూకం వేసేది కూలి గున్నయ్యే కానీ, తూకానికి ముందు సరుకు మీద చెయ్యి వేసి ఇది మొదటి రకం, ఇది రెండు, ఇది మూడు అని చెప్పడం నాన్న పని. గుప్పెడు తీసి పిండుతాడు, పీచు లాగి చూస్తాడు, వేళ్లు వాసన చూసుకుంటాడు, చెప్పేస్తాడు. మా నాన్న కన్నయ్య చెప్పాక దాని మీద ఇంకో మాట ఉండేది కాదు. కొండ దిగి వచ్చే ఆడవాళ్లు నాలుగు కొట్లు దాటుకుని మా కొట్టుకే రావడం నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. అదంతా బోర్డు మీద ఉన్న పేరు మహిమ అని పెదనాన్న అనుకునేవాడు. నేనూ అలాగే అనుకున్నాను.

నేను విజయనగరంలో ఎంసీఏ చదివాను. విశాఖలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు ఉద్యోగం ఇచ్చారు, చేరే తేదీ మాత్రం ఇవ్వలేదు. వచ్చే నెల, పై నెల అంటూ ఎనిమిది నెలలు గడిపారు. ఎనిమిది నెలలు ఇంట్లో కూర్చున్న ఆడపిల్లని చూసి చుట్టాలు ఎన్ని మాటలంటారో నాకు తెలుసు, ఇక్కడ రాసి మళ్లీ వాళ్లకి ఆ సంతోషం ఇవ్వను.

ఫిబ్రవరి చివర్లో ఒకరోజు పెదనాన్న కొడుకు శ్రావణ్‌కుమార్ మా ఇంటికి వచ్చి మా అమ్మ రామతులసి ఇచ్చిన టీ తాగుతూ సంగతి చెప్పాడు.

"విశాఖలో సరుకు కొనే కంపెనీవోల్లు కొత్త రూలెట్టేరే బిందూ. బస్తా బస్తాకీ సరుకు ఎవులు సూసేరు, ఏటి సూసి ఆ రకం అన్నారు, అన్నీ ఫోన్లో ఎక్కించి పంపాలట. బాబాయినడిగితే సెయ్యెడితే తెలిసిపోద్ది అంటాడు. ఆ సెయ్యి కోసి కంపెనీకి పంపలేం కదే!"

"యాప్ చెయ్యమంటావా?"

"సెయ్యి. దాంతోపాటు ఎలగ పనిసేస్తాదో కాయితం కూడా రాయాలి. అది సదివితే రేపు బాబాయి లేకపోయినా గున్నయ్య సూసుకోగలగాలి."

'రేపు బాబాయి లేకపోయినా' అన్న మాట దగ్గర నేను ఆగి ఉండాల్సింది. ఆగలేదు. చేతికి పని దొరికిన సంతోషం అలాంటిది.

మర్నాడే మొదలుపెట్టాను. నేను ఒక్కదాన్నే కాదు, ఏఐ అసిస్టెంటు కూడా ఉంది. ఇప్పుడు ఎవరిని కదిలించినా దానితో కోడ్ రాయిస్తున్నామంటారు. నేను చూసిందేమిటంటే, అది రాయడానికి ముందు అడుగుతుంది. నాకు కావలసింది చెప్పగానే ప్రశ్నలు మొదలుపెట్టింది. ఫోను ఎవరి చేతిలో ఉంటుంది? ఆ మనిషి ఏ భాష చదవగలడు? సంతలో సిగ్నల్ ఉంటుందా? చింతపండు పట్టుకున్న చేత్తోనే ఫోను నొక్కుతాడా? అయితే వేళ్లు జిగురుగా ఉంటాయి కాబట్టి బొత్తాలు పెద్దవిగా, దూరం దూరంగా పెడదామా?

ఈ చివరిది నాన్నకి చదివి వినిపిస్తే పళ్లు తోముకుంటున్నవాడల్లా ఆగిపోయాడు.

"ఏలు జిగురుగుంటాదని అదెలగ కనిపెట్టినాదమ్మీ? మీ పెదనాన్నకి ఇన్నేల్లయినా తెల్దు."

ఆ రోజు నుంచి నాన్నకి దాని మీద గురి కుదిరింది. రోజూ పొద్దున్న స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, పిల్లాడు ట్యూషన్‌కి వచ్చినట్టు నా లాప్‌టాప్ ముందు కూర్చునేవాడు. "ఇయాల ఏటడిగినాది?" అనేవాడు. నేను ఒక్కొక్కటీ చదివేదాన్ని. పిక్క తీసిన సరుకులో పిక్కలు ఎన్ని ఉంటే రెండో రకం? రంగు ఎంత ముదిరితే పాతది? ఇసక కలిపారని ఎలా తెలుస్తుంది? నాన్న చేతులు తిప్పుతూ చెప్పేవాడు. మా నాన్న ఇన్ని మాటలు మాట్లాడగలడని నాకు అప్పుడే తెలిసింది. ఆయన్ని అంతకు ముందు ఎవరూ ఏమీ అడగలేదు, అదీ సంగతి.

అమ్మ వంటింట్లోంచి ఎత్తిపొడిచేది. "నాతో ముప్పయ్యేల్ల కాపరంలో ఇన్ని మాటలాడనేదు. నానూ ఆ పెట్టిలో కూకుంటే మాటాడుదురేమో!"

నాన్న నవ్వేవాడు. ఆ పదిహేను రోజులూ మా ఇంట్లో నవ్వులే నవ్వులు. తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

మార్చి రెండో వారంలో నాన్నతో కలిసి కకిరిగుమ్మ సంతకి వెళ్లాను. సంత రోజున మా వాళ్లు అక్కడే కాటా పెడతారు. యాప్‌ని నిజంగా పని జరిగే చోట చూడకుండా కొలిక్కి రాదని అసిస్టెంటే అంది. పాసింజరు బండిలో కిటికీ పక్కన నాన్న, ఎదురుగా నేను. సొరంగం వచ్చినప్పుడల్లా సిగ్నల్ పోయేది, నాన్న మాట ఆపి, వెలుతురు వచ్చాక మళ్లీ అందుకునేవాడు.

సంతలో నాలుగు గంటలు కాటా పక్కన నిలబడి చూశాను. ముందు రోజు అకాలవర్షం పడింది. కొండ ఆడవాళ్లు తలల మీద మూటలు దించుతున్నారు. నాన్న మూట విప్పకముందే ప్రతి ఒక్కరినీ ఒడియాలో ఒకటే మాట అడుగుతున్నాడు. "ఓదా హేలా కి?" అని. తడిసిందా అని.

గురుబారి అని ఒకావిడ వచ్చింది. నాన్న కంటే పెద్దదే. పై ఊరి నుంచి తెల్లారకముందే బయల్దేరి నడిచి వచ్చిందట. నాన్న అడగగానే, "ఓదా అచే", తడిసింది అని, మూట అడుగున ఎక్కడ తడిసిందో తనే చెయ్యి పెట్టి చూపించింది. నాన్న గుప్పెడు తీసి పిండాడు. వేళ్ల మధ్య నీళ్లు ఊరడం నాకే కనిపించింది. మా నియమాల ప్రకారం అది మూడో రకం. మూడో రకం అని నేను ఫోన్లో నొక్కబోతున్నాను.

"మొదటి రకం" అన్నాడు నాన్న. గున్నయ్య మారు మాట్లాడకుండా ఆ మూటని పక్కనున్న వేరే గోనెలో వేశాడు.

వెనకాలే ఇంకొకావిడ తడవలేదని చెప్పింది. ఆవిడ మూటలో తడి గురుబారి దాంట్లో సగం కూడా లేదు. నాన్న మూడో రకం అన్నాడు. ఆవిడ గొణుక్కుంటూ ఒప్పుకుంది.

నాకు మతిపోయింది. పదిహేను రోజులు కూర్చుని రాసిన నియమాలు ఇలా గాలికి పోతే ఆ కాగితం ఎందుకు? తిరుగు బండి ఎక్కగానే ఫోన్ తీశాను. అసిస్టెంటు నాలుగు రోజుల క్రితం అడిగిన ప్రశ్న ఒకటి జవాబు లేకుండా అలాగే ఉంది: 'నియమం ప్రకారం కింది రకం కావలసినదాన్ని కన్నయ్య గారు ఎప్పుడైనా పై రకం అంటారా? అంటే ఎందుకు?'

ప్రశ్న విని నాన్న రైలు పెట్టెలో అటూ ఇటూ చూశాడు. మాకు దగ్గరగా ఎవరూ లేరు.

"సూడమ్మీ, తడి సేటు కాదు. దాసిన తడి సేటు. తడిసిందని సెప్పిందనుకో, నాను ఏరే గోనిలో ఏయించి మన మేడ మీద రెండ్రోజులు ఎండబెట్టిస్తాను. ఆరిపోద్ది, ఏటీ అవదు. తడిని మూట మజ్జిలో దాసీసి పొడిదని సెప్పిందనుకో, నాకు తెలీక బస్తాలో ఏసేస్తే బస్తా బస్తా బూజు పడతాది. నాను ఎన్ని మూటలని మజ్జికంటా సెయ్యెట్టి సూడగల్ను? ఆల్లే సెప్పాలి. నిజం సెప్పినోల్లకి మూడో రకం కడితే మల్లీ వారం నిజం ఎవులు సెప్తారు?"

"అంటే నిజం చెప్తే మొదటి రకం?"

"ఆ. ఆల్లకీ తెలుసు, నాకూ తెలుసు. పైకి ఎవులమూ అనం."

"పెదనాన్నకి తెలుసా?"

"అన్నియ్యకి తెలిస్తే ఒప్పుకోడు. మూడో రకాన్ని మొదటి రకం అంటావేటి అంటాడు. ఆయనకి సరుకు బాగోలేదని లారీ తిరిగి రాకూడదు. రానేదు కదా! అంతే." గొంతు తగ్గించాడు. "ఇది మీయమ్మకి కూడా సెప్పనేదమ్మీ. నువ్వడిగేవని సెప్పేను."

నేను అప్పటికే టైపు చేస్తున్నాను. నాన్న నా వేళ్ల వంక చూశాడు.

"నీ ఉద్యోగానికి ఇది పనికొస్తాదేటి?"

"వస్తుంది నాన్నా. ఇలాంటివి రాస్తేనే పని తెలిసినవాళ్లు అనుకుంటారు."

"అయితే రాస్కో" అన్నాడు.

ఎవరు చదువుతారని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఇంటికి వచ్చాక నాన్న చెప్పిందంతా అసిస్టెంటుకి ఇచ్చాను. అది వరసగా పేర్చి, నియమాలు ఆరు పేజీలు, ఆ తర్వాత ఏడో పేజీలో 'మినహాయింపులు' అని పెట్టింది. పెట్టి, కింద ఒక మాట అడిగింది. ఆ మాట నాకు ఇప్పటికీ అక్షరం అక్షరం గుర్తుంది. 'ఈ పేజీలో ఉన్నది కన్నయ్య గారు మీకు నమ్మకం మీద చెప్పినట్టుంది. కొట్టు నడిపే వారికి ఇది తెలియదని కూడా ఉంది. ఈ కాగితం వారు చదువుతారు కాబట్టి, ఈ పేజీ ఉంచవచ్చా అని ముందు ఆయన్ని అడుగుతారా? ఏడో పేజీ లేకుండా ఇంకో ప్రతి కూడా సిద్ధం చేశాను.'

నాకు నవ్వొచ్చింది. అన్నదమ్ముల సంగతి దానికేం తెలుసు అనుకున్నాను. 'ఇది మా ఇంటి వ్యాపారమే, పర్వాలేదు' అని కొట్టాను.

రెండు ప్రతులూ చదివాను. ఏడో పేజీ లేనిది బోసిగా కనిపించింది. నియమాలు ఎవరైనా రాస్తారు. మినహాయింపులు పట్టుకున్నవాళ్లే గట్టివాళ్లు. నా కళ్లముందు మా నాన్న లేడు, పెదనాన్న లేడు. విశాఖ సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఎవరో ముక్కూ మొహం తెలియని పెద్దమనిషి ఆ పేజీ చదివి 'ఎవరీ అమ్మాయి?' అని అడుగుతున్నట్టు కనిపించింది. పైగా పెదనాన్నకి ఇంగ్లీషు రాదు కదా అని మొత్తం ఏడు పేజీలూ తెలుగులో కూడా రాయించాను, రెండూ కలిపి పద్నాలుగు పేజీలు. ఒకటికి రెండుసార్లు తప్పులు దిద్దాను. నా దరిద్రానికి అంత శ్రద్ధ కూడా తోడైంది.

శ్రావణన్నయ్యకి పంపాను, సాఫ్ట్‌వేర్ కంపెనీకీ ఒక ప్రతి పంపాను. ఉగాది వెళ్లిన మూడో రోజు మధ్యాహ్నం కొట్టుకి రమ్మని కబురొచ్చింది. మెచ్చుకుంటారని మంచి చీర కట్టుకుని వెళ్లాను.

పెదనాన్న గల్లాపెట్టె వెనక కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా కాగితాలు. కాటా దగ్గర నాన్న, తూకం రాళ్లు సర్దుతూ గున్నయ్య. శ్రావణన్నయ్య గుమ్మంలో నిలబడి నా వంక చూసి మొహం తిప్పుకున్నాడు.

"కన్నయ్యా, ఇలగ్రా. నీ కూతురు రాసినాది సదువుతాను ఇను" అన్నాడు పెదనాన్న.

నాన్న చేతులు తువ్వాలుకి తుడుచుకుంటూ వచ్చాడు. మొహంలో ఎంత సంతోషమో. నన్ను చూసి కళ్లెగరేశాడు.

పెదనాన్న వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు. "'సరుకు తడిసినట్టు విక్రేత ముందుగా ఒప్పుకున్న సందర్భాల్లో, కన్నయ్య గారు దాన్ని ఒకటి లేదా రెండు రకాలు పైకి నిర్ణయిస్తారు. ఈ పద్ధతి సుమారు ముప్పై ఏళ్లుగా నడుస్తోంది. యజమానికి తెలియజేయలేదు.'"

పెదనాన్న కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"యజమాని అంటే నానేనేట్రా?"

నాన్న నా వంక చూశాడు. కోపంగా కాదు. అర్థం కానట్టు చూశాడు. ఆ కొట్టు వాళ్లిద్దరూ ఇరవయ్యేళ్ల వయసులో గోనెలు మోసి పెట్టుకున్నది. పేరు పెద్దవాడిది, చెయ్యి చిన్నవాడిది. ఆ కొట్లో అన్నదమ్ముల మధ్య యజమాని అనే మాట అంతకు ముందు ఏనాడూ పుట్టలేదు. తెచ్చి పెట్టింది నేను. ఇంగ్లీషులో ఉన్న మాటకి సరైన తెలుగు మాట అదే కదా అని నేనే దిద్ది పెట్టాను.

"అవునన్నియ్యా" అన్నాడు నాన్న.

"ఇది నిజమేనా?"

"నిజమే. నానే సెప్పేను."

"ముప్పయ్యేల్లు నా కల్లు గప్పీసి అత్త సొమ్ము అల్లుడు దానం సేసినట్టు సేసేవా? నాకు ఒక్క ముక్క సెప్తే నాను కాదంటానా?"

"అంటావన్నియ్యా."

పెదనాన్నకి అక్కడ తగిలింది. ఆయన చెడ్డవాడని నేను అనను. తమ్ముడు తనని నమ్మలేదన్నది ఆయన మనసులో దిగబడింది, కొడుకు ముందు, కూలివాడి ముందు. ఆ తర్వాత ఎండబెట్టే సంగతీ, తిరిగి రాని లారీల సంగతీ నేను చెప్పబోయాను. అవన్నీ అదే పేజీలో కింద ఉన్నాయి. "నువ్వు ఊరుకో అమ్మీ, నువ్వు రాసింది సాలు" అన్నాడు పెదనాన్న.

అరుపులు లేవు, కేకలు లేవు. కాగితాలు మడిచి పెట్టేసి, "రేపటి నుంచి నువ్వు గోడౌను సూస్కో కన్నయ్యా. కాటా దగ్గిర గున్నయ్య ఫోను పట్టుకుంటాడు" అన్నాడంతే. నాన్న సరే అన్నాడు. ఆ పూట రావలసిన రెండు మూటలూ చూసి, రకం చెప్పి, తువ్వాలు భుజాన వేసుకుని ఇంటికి వచ్చాడు.

అమ్మ విషయం విని నా వంక చూసింది. "ఇంటిగుట్టు లంకకి సేటని ఊరికే అన్నారేటే! బయటోల్లెవులో సేస్తారనుకున్నాను గానీ" అని వంటింటి వైపు తిరిగింది. నాన్న మాత్రం, "పిల్లనేటీ అనకు. నానే సెప్పేను" అన్నాడు. తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. నన్ను వెనకేసుకొచ్చాడే, అది నేను ఓర్చుకోలేకపోయాను.

యాప్ బ్రహ్మాండంగా పనిచేసింది. పెద్ద పెద్ద బొత్తాలు, ఒడియాలో, తెలుగులో ప్రశ్నలు, సిగ్నల్ లేకపోయినా ఆగదు. ఆ వారం కకిరిగుమ్మ సంతకి నేనూ వెళ్లాను, ఎలా పనిచేస్తోందో రాయాలి కదా! గురుబారి వచ్చింది. ముందు నాన్న కోసం అటూ ఇటూ చూసింది. గున్నయ్య 'తడిసిందా?' అని అడిగితే, అలవాటు కొద్దీ మూట విప్పి తడిసిన చోటు చూపించింది. గున్నయ్య 'అవును' నొక్కాడు. ఫోను మూడో రకం అంది.

"కన్నయ్య లేడా?" అని అడిగింది ఆవిడ.

"ఇప్పుడు ఫోను సెప్తాది" అన్నాడు గున్నయ్య, నా వంక చూడకుండా.

గురుబారి గొడవ పెట్టుకోలేదు. మూడో రకం కింద ఇచ్చేసి వెళ్లిపోయింది. మళ్లీ వారం వచ్చి, ఎవరూ అడగకముందే తడవలేదు అని చెప్పింది. ఆ పై వారం అందరి మాటా అదే. వర్షం పడినా మంచు కురిసినా కొండ మీద ఒక్క చింతపండూ తడవడం మానేసింది. ముప్పై ఏళ్లు నాన్న ఒక్కొక్క మూట మీద చెయ్యి వేసి నిలబెట్టిన నిజం మూడు వారాల్లో పోయింది.

ఏప్రిల్ మూడో వారంలో విశాఖ నుంచి లారీ వెనక్కి వచ్చింది. బస్తాలు పైకి బాగానే ఉన్నాయి, మధ్యలో చెయ్యి పెడితే తెల్లగా బూజు. పెదనాన్న గోడౌనుకి వచ్చి నాన్న మీద పడ్డాడు. "ఆల్లకి నువ్వు మప్పిన అలవాటే ఇది!" అన్నాడు. నాన్న గోనెలు విప్పించి బూజు సరుకు వేరు చేయిస్తూ కూర్చున్నాడు. నేను అక్కడే ఉన్నాను. 'అది కాదు పెదనాన్నా' అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. అనకుండా బూజు బస్తాలు లెక్కపెట్టి ఫోన్లో ఎక్కించాను.

శ్రావణన్నయ్య నన్ను పక్కకి పిలిచాడు. "మూట మజ్జిలో ఫోటో తీసి తడి పట్టుకునే ఫీచర్ పెట్టలేమేటే? దొంగల్ని పట్టాలి."

అసిస్టెంటుని అడిగాను. ప్రణాళిక వేసి ఇచ్చింది. ఇచ్చి, మొదటి పేరాలోనే మొహమాటం లేకుండా రాసింది: 'పాత కాగితం ఏడో పేజీ ప్రకారం, నిజం చెప్తే తమకి నష్టం లేదు కాబట్టి అమ్మేవాళ్లు నిజం చెప్పేవారు. ఇప్పుడు యాప్ నిజం చెప్పినవాళ్లనే తగ్గిస్తోంది. ఫోటోతో ఆ లోటు తీరదు. కన్నయ్య గారి పద్ధతిని యాప్‌లోకి తీసుకోవడం, లేదా ఆయన్నే మళ్లీ కాటా దగ్గర కూర్చోబెట్టడం ముందు ఆలోచించండి.'

శ్రావణన్నయ్య చదివి బుర్ర గోక్కున్నాడు. "ఇది మా నాన్నకి సూపిస్తే నన్ను తంతాడు. ఆ పేరా తీసీసి పంపీ."

తీసేసి పంపాను. ఈసారి నాకు తెలియక కాదు, తెలిసే తీసేశాను. మొదటిసారి ఉంచకూడనిది ఉంచాను, రెండోసారి తీయకూడనిది తీశాను. ఆ సీజన్‌లో నేను చేసిన ఘనకార్యాలు ఈ రెండే.

మే మొదటి వారంలో విశాఖ సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. మళ్లీ ఇంటర్వ్యూ చేశారు. నేను పంపిన కాగితం వాళ్లకి నచ్చిందట. అవతలి పెద్దమనిషి, "ఆ మినహాయింపుల పేజీ ఉంది చూశారూ, అది చాలామంది రాయలేరండీ" అన్నాడు. అచ్చం నేను కలగన్నట్టే. చేరే తేదీ ఇచ్చారు. ఇంటి నుంచే పని.

నాన్నకి చెప్పాను. గోడౌను నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు.

"నాను సెప్పింది పనికొచ్చినాదా?"

"వచ్చింది నాన్నా."

"మంచిది" అన్నాడు. అంతే అన్నాడు. ఏం పని, ఎంతమంది ఉంటారు, ఏం చేస్తారు, ఏమీ అడగలేదు.

అప్పటికే ఆయన నాతో మాటలు తగ్గించాడని నాకు తెలుస్తూనే ఉంది. కోపం కాదు. అన్నం తిన్నావా అంటే తిన్నాను అంటాడు, ఎండ ఎక్కువగా ఉందా అంటే ఉంది అంటాడు. అమ్మతో ఏదో చెప్తూ ఉండగా నేను గదిలోకి వస్తే, చెప్తున్నది పూర్తి చెయ్యకుండా ఇంకో సంగతి ఎత్తుకుంటాడు. మొదట్లో నా భ్రమ అనుకున్నాను. తర్వాత అమ్మ మొహం చూస్తే భ్రమ కాదని తెలిసింది.

మే ఆఖరి వారంలో నాన్న గోడౌనులో గోనెల మధ్య కళ్లు తిరిగి పడిపోయాడు. గున్నయ్య మొహం మీద నీళ్లు చల్లి ఇంటికి తీసుకొచ్చాడు. సాయంత్రానికి నేను ఆటోలో డాక్టరు మనీషా గారి దగ్గరికి తీసుకెళ్లాను. ఒడియా ఆవిడే గానీ మా వాళ్లందరికీ వైద్యం చేసి చేసి తెలుగు బాగా మాట్లాడుతుంది. ఆవిడ బీపీ చూసింది, గుండె మీద గొట్టం పెట్టి విన్నది.

"ఎన్నాళ్ల నుంచి ఇలా ఉంది? గుండెల్లో నొప్పి ఉందా? నిద్ర పడుతోందా?"

నాన్న చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.

"మనసులో ఏదైనా బెంగ ఉందా? చెప్పండి, పర్వాలేదు."

నాన్న నా చేతుల వంక చూశాడు. మందుల పేర్లు మర్చిపోకుండా ఉంటాయని నేను ఫోను తీసి పట్టుకున్నాను.

"అమ్మీ, నువ్వు బయటుండు" అన్నాడు మెల్లగా.

"ఉండనివ్వండి" అంది డాక్టరు. "మీరు చెప్పేవన్నీ మీ అమ్మాయి రాసుకోవాలి కదా!"

"రాసుకుంటాదమ్మా" అన్నాడు నాన్న. "బాగా రాసుకుంటాది. అందికే బయటుండమన్నాను."

నేను లేచాను. బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాను.